చిన్న రైతు – విత్తన విపణి

సాగుకు కావలసిన విత్తనాన్ని రైతు ఎవరి దగ్గర, ఏ ధరకు, ఎవరి పూచీ మీద, ఎవరి అప్పుతో సంపాదించుకుంటాడన్న వ్యవహారం మొత్తాన్ని విత్తన విపణి అంటారు. చిన్న కమతాలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇది రెండు పాయలుగా నడుస్తుంది. పరిశోధన కేంద్రంలో రూపొంది, ప్రభుత్వ సంస్థో కంపెనీయో వృద్ధి చేసి, పరీక్షించి, సంచికి లేబుల్ కుట్టి అమ్మేది సంఘటిత రంగపు విత్తనం. రైతు తన పంటలోంచి తీసి దాచుకున్నదీ, పొరుగువాడి దగ్గర మార్చుకున్నదీ, సంతలో తిండిగింజల రాశిలోంచి ఏరి కొన్నదీ అసంఘటిత రంగపు విత్తనం. ఆఫ్రికాలోని ఐదు దేశాల్లోనూ హైతీలోనూ చిన్న రైతుల నుంచి సేకరించిన దాదాపు 10,000 వివరాలను విశ్లేషించి 2016లో వెలువడిన ఒక అధ్యయనం, వారు వాడే విత్తనంలో సుమారు 90 శాతం అసంఘటిత రంగం నుంచే వస్తోందనీ, మొత్తంలో సగం స్థానిక సంతల్లో కొన్నదేననీ తేల్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం ఒకే రైతు ఒకే ఏడాదిలో ఈ రెండు పాయల్లోనూ ఉంటాడు. పత్తికి ప్రతి ఏటా ప్యాకెట్టు కొంటాడు, వరికి రెండు మూడేళ్లకోసారి సంచి మారుస్తాడు, కందికి ఇంట్లో ఉన్నదే చల్లుకుంటాడు. అందువల్ల విత్తన విపణిని రైతును బట్టి కాక పంటను బట్టి చూస్తేనే దాని నడక అర్థమవుతుంది.

చూసి పోల్చలేని సరుకు

విత్తనం నాణ్యత కొనేటప్పుడు కంటికి ఆనదు. గింజ నిండుగా ఉందా, రాయీ రప్పా కలిసిందా అన్నది చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. మొలక శాతం తెలియాలంటే తడిగుడ్డలో గింజలు కట్టి వారం ఆగాలి. జన్యు స్వచ్ఛత, అంటే సంచి మీద రాసిన రకమే లోపల ఉందా అన్న సంగతి, పైరు పూతకో ఈనికకో వచ్చాక, చేలో కేళీలు తలలెత్తాక గాని బయటపడదు. అప్పటికి అదను దాటిపోతుంది. కేళీలంటే వేసిన రకానికి భిన్నంగా, ఎత్తులోనో కంకి రూపంలోనో తేడాగా పెరిగే మొక్కలు; కొన్ని చోట్ల వీటిని బెరుకులంటారు. ప్యాకెట్టు ఖరీదు వందల్లోనే ఉన్నా దాని లోపం వల్ల పోయేది దుక్కి, ఎరువు, కూలి, కౌలు కలిసిన ఏడాది పెట్టుబడి. చౌకగా దొరికిన విత్తనాన్ని రైతు అనుమానంగా చూసి, పేరున్న దానికి రాసిన ధరకన్నా ఎక్కువ చెల్లించడానికి సిద్ధపడటంలో ఈ లెక్కే ఉంది. దాన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం సరికాదు.

అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియని ఈ లోటును పూడ్చడానికే ధ్రువీకరణ పద్ధతి పుట్టింది. రకాన్ని రూపొందించిన శాస్త్రవేత్త పర్యవేక్షణలో కొద్దిపాటిగా తయారయ్యేది బ్రీడర్ విత్తనం, దాన్నుంచి పెంచినది మూల విత్తనం, మూల విత్తనం నుంచి రైతులకు అమ్మడానికి పెంచినది ధ్రువీకరణ విత్తనం. వీటి సంచులకు వరుసగా బంగారు పసుపు, తెలుపు, నీలం రంగుల ట్యాగులు కడతారు. ధ్రువీకరణ సంస్థ తనిఖీ లేకుండా ఉత్పత్తిదారు తన సొంత బాధ్యతపై వివరాలు రాసి అమ్మేదానికి ఆకుపచ్చ లేబుల్ ఉంటుంది. దీన్ని ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనం అంటారు. లేబుల్‌పై రకం పేరు, లాట్ నంబరు, పరీక్షించిన తేదీ, మొలక శాతం, భౌతిక స్వచ్ఛత, జన్యు స్వచ్ఛత, గడువు ఉండాలి. మొలక శాతం వరికి 80, మొక్కజొన్నకు 90, వేరుసెనగకు 70కి తగ్గకూడదు. పరీక్ష తేదీ నుంచి 9 నెలలు గడువు. ఆ తర్వాత మళ్లీ పరీక్షించి గడువు పొడిగించే వీలుంది కనుక, కొత్త సంచిలో ఉన్నది కొత్త విత్తనమేనన్న భరోసా లేదు.

పంట స్వభావమే వ్యాపార స్వభావం

ఏ పంట విత్తనంలోకి పెట్టుబడి వస్తుంది, ఏ పంటను కంపెనీలు పట్టించుకోవు అన్నది చాలావరకు ఆ పంట పూవులోనే తేలిపోతుంది. వరి, వేరుసెనగ, సెనగ వంటివి తమ పుప్పొడితో తామే ఫలదీకరణ చెందే పంటలు. ఒకసారి మంచి విత్తనం కొన్న రైతు, కేళీలు ఏరుకుంటూ పోతే కొన్నేళ్లపాటు దుకాణం గడప తొక్కనక్కరలేదు. సంకర విత్తనం, అంటే రెండు వేర్వేరు వంశాలను కలిపి తీసిన హైబ్రిడ్, అలా కాదు. దాని పంటలోంచి తీసిన గింజ మరుసటి ఏడు రకరకాల మొక్కలుగా విడిపోయి దిగుబడి పడిపోతుంది కాబట్టి రైతు ప్రతి ఏటా కొనవలసిందే. పేటెంటు చట్టం లేకుండానే కంపెనీకి దక్కిన రక్షణ ఇది. ప్రపంచంలో మొదటిసారి వాణిజ్య సాగుకు వచ్చిన సంకర పత్తి హెచ్-4ను 1970లో గుజరాత్‌లోని సూరత్ కేంద్రం విడుదల చేసింది. కెన్యాలో 1964 నాటికే సంకర మొక్కజొన్న చిన్న రైతుల చేలకు చేరింది.

వరి విషయంలో తెలుగు ప్రాంతపు విపణికి ఒక విశేషం ఉంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, ఆ తర్వాతి ఎంటీయూ 1010, తెలంగాణ సోనగా పేరుపడ్డ ఆర్ఎన్ఆర్ 15048 అన్నీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల రకాలు. వీటిని ఎవరైనా పెంచి అమ్మవచ్చు. అందుకే పదుల కొద్దీ చిన్న కంపెనీలు ఒకే రకాన్ని తమ తమ సంచుల్లో నింపి అమ్ముతాయి. రైతు రకం పేరు ముందే నిర్ణయించుకుని దుకాణానికి వచ్చి, అక్కడ సంచి మీది కంపెనీ పేరును ఎంచుకుంటాడు. నాట్ల వరికి ఎకరాకు 20 నుంచి 25 కిలోలు చాలు; ఒక ఎకరం పంట దాదాపు నూరు ఎకరాలకు విత్తనమవుతుంది. సరుకు త్వరగా పెరుగుతుంది, పోటీ ఎక్కువ, లాభం పలచన.

వేరుసెనగలో ఇదంతా తిరగబడుతుంది. ఎకరాకు 60 నుంచి 80 కిలోల పప్పు కావాలి, వేసినదానికి వచ్చేది ఎనిమిది పది రెట్లు మాత్రమే, కాయలు నిల్వలో చోటు ఎక్కువగా ఆక్రమిస్తాయి, పప్పు ఒలిచాక మొలకశక్తి త్వరగా తగ్గుతుంది. విత్తనం ఖర్చే సాగు ఖర్చులో పెద్ద భాగమైనా కంపెనీకి అందులో మిగిలేది లేదు. అందుకే అనంతపురం జిల్లాలో వేరుసెనగ విత్తనం దశాబ్దాలుగా ప్రభుత్వ రాయితీ సరుకుగానే నిలిచింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విత్తనాభివృద్ధి సంస్థ 1976లో ఏర్పడింది. ఖరీఫ్‌కు కావలసిన కాయలను నీటి వసతి ఉన్న చోట రబీలో పండించి సేకరించడం, తొలకరికి ముందు మండలాలకు చేర్చడం, క్యూలలో పంచడం దాని ఏటి పని. 1940లో విడుదలైన టీఎంవీ-2 అనే రకం అరవై డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఆ చేలల్లో కనిపించిందంటే రైతులకు కొత్తదనం మీద అయిష్టమని కాదు. కొత్త రకాన్ని చాలినంతగా పెంచి చేరవేసే గొలుసు లేకపోవడమే కారణం. కదిరి-6 ఈ స్థితిని కొంత మార్చగలిగింది.

మిరప విత్తనం ఇంకొక కొస. సంకర మిరపను 10 గ్రాముల ప్యాకెట్లలో అమ్ముతారు. గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో ఏదైనా ఒక హైబ్రిడ్ ఆ ఏడు బాగా కాసిందన్న మాట పాకితే, మరుసటి ఏడు దాని కోసమే రైతులు ఎగబడటం, ముద్రిత ధరకు రెట్టింపు పలకడం, నకిలీ ప్యాకెట్లు పుట్టుకురావడం వెంట వెంటనే జరిగిపోతాయి.

విత్తనం పండే ఊళ్లు

విత్తనాన్ని కొనే రైతే మరో చోట దాన్ని పండించే రైతు కూడా. తెలంగాణ పొడి వాతావరణం, చెరువులూ బోర్లూ, హైదరాబాదు చుట్టూ పెరిగిన పరిశోధన సంస్థలు, ముఖ్యంగా 1972లో పటాన్‌చెరువులో వెలసిన ఇక్రిశాట్, ఈ ప్రాంతాన్ని దేశపు విత్తన కేంద్రాల్లో ఒకటిగా చేశాయి. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని హుజూరాబాద్, జమ్మికుంట వైపు యాసంగిలో సంకర వరి విత్తనం పండుతుంది. పూతవేళ ఇద్దరు మనుషులు చేనుకు చెరో వైపు నిలబడి తాడు లాగుతూ పోతే, మగ వరుసల పుప్పొడి ఆడ వరుసల మీద రాలుతుంది. నిజామాబాద్ జిల్లా అంకాపూర్, ఆర్మూరు ప్రాంతం ఉత్తర భారత పశుగ్రాస సాగుకు పోయే ఎర్రజొన్న విత్తనానికి ప్రసిద్ధి. కొనేవాళ్లు కొద్దిమందే కావడంతో ధర వాళ్లు చెప్పిందే అవుతుంది. 2019 ఫిబ్రవరిలో ఎర్రజొన్న, పసుపు ధరల కోసం అక్కడి రైతులు జాతీయ రహదారి మీద బైఠాయించారు.

పత్తి విత్తనోత్పత్తి వీటన్నిటికన్నా చేతి పని ఎక్కువగా కోరేది. గద్వాల, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో దీన్ని ‘సీడ్ పత్తి’ అంటారు. మరునాడు విచ్చబోయే ఆడమొక్క మొగ్గను ముందురోజు మధ్యాహ్నం తర్వాత గుర్తుపట్టి, బొటనవేలి గోటితో రేకుల్నీ పుప్పొడి కాడనూ ఒలిచేసి, గుర్తు కోసం రంగు కాగితం తొడుగుతారు. మరునాటి ఉదయం మగమొక్క పూవు తెచ్చి దానికి రుద్దుతారు. ఒక మగ పూవు నాలుగైదు ఆడ పూవులకు సరిపోతుంది. ‘క్రాసింగ్’ అని పిలిచే ఈ పని వారాల తరబడి ఒక్క పూటా విరామం లేకుండా సాగాలి. మొగ్గ జారిపోయి తనంతట తాను కాయ కట్టిందా, ఆ గింజ కలిసి లాటు చెడుతుంది. ఈ పనికి వేల సంఖ్యలో బడి ఈడు ఆడపిల్లల్ని పెట్టారన్న సంగతి 2000 ప్రాంతం నుంచి వెలువడిన అధ్యయనాల వల్ల బయటికొచ్చింది. చిన్న వేళ్లకే ఆ పని చేతనవుతుందన్నది అప్పట్లో తరచు వినిపించిన సమర్థన. అసలు కారణం, కంపెనీలు ఇచ్చే కొనుగోలు ధరలో పెద్దల కూలి గిట్టుబాటు కాకపోవడం.

కంపెనీకీ రైతుకీ మధ్య ఇక్కడ ఆర్గనైజరు ఉంటాడు. కంపెనీ ఒప్పందం అతనితో. ఆడ మగ విత్తనాలిచ్చేది, పెట్టుబడికి బయానా ఇచ్చేది, పంట చేరవేసేది అతనే. సేకరించిన విత్తనాన్ని కంపెనీ కొద్ది మొత్తం చేలో వేసి జన్యు స్వచ్ఛతను చూస్తుంది. ఆ ఫలితం వచ్చి డబ్బు అందేదాకా నెలలు గడుస్తాయి, బయానా మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, లాటు ‘ఫెయిల్’ అని తేలితే రైతుకు విత్తనపు ధర రాదు. రాతపూర్వక ఒప్పందం లేని రైతు ఆ ఫలితాన్ని ప్రశ్నించడానికి తగిన వేదిక కూడా ఉండదు.

దుకాణం, అదను, ఉద్దెర

రోహిణి కార్తె చివర నుంచి మృగశిర దాకా సాగే కొద్ది వారాలే విత్తన దుకాణానికి అసలు సీజను. వాన పడ్డాక రెండు మూడు రోజుల్లో విత్తనం నేలలో పడాలి కాబట్టి బేరానికీ నాలుగు కొట్లు తిరగడానికీ వ్యవధి ఉండదు. పైగా విత్తాక వాన మొహం చాటేస్తే మొలకలు మాడిపోయి మళ్లీ కొనవలసి వస్తుంది. ఆ రెండో కొనుగోలుకు రాయితీ ఉండదు, కోరిన రకం దొరకదు, చేతిలో డబ్బూ ఉండదు. విత్తన పథకాల రచనలో చాలాకాలం విస్మరించిన కొనుగోలు ఇదే.

చిన్న రైతు, మరీ ముఖ్యంగా కౌలు రైతు, నగదుతో కొనడు. ఎరువులు, పురుగుమందులు, విత్తనాలు ఒకే కొట్టులో ఉద్దెరకు తీసుకుని పంట వచ్చాక తీరుస్తాడు. చాలా చోట్ల ఆ పంటను కొనేదీ ఆ వ్యాపారే. దీనితో ఏ విత్తనం వేయాలన్న నిర్ణయం సగం రైతు చేతిలోంచి జారిపోతుంది, ఎందుకంటే అప్పు ఇచ్చేవాడు తనకు కమీషన్ ఎక్కువ వచ్చే కంపెనీ ప్యాకెట్టునే ముందు పెడతాడు, బాకీ ఉన్న రైతు దాన్ని కాదనలేడు. ఉద్దెర సరుకుకు బిల్లు అడగడమూ కష్టమే. బిల్లు లేకపోతే రేపు పంట దెబ్బతిన్నప్పుడు పరిహారం అడిగే ఆధారం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన రైతు భరోసా కేంద్రాలు విత్తనాన్ని ఊళ్లోకి తేగలిగాయి గాని, ఉద్దెర అవసరాన్ని తీర్చేది విత్తన పథకం కాదు, పంట రుణం.

ధరపై పోరు: బీటీ పత్తి

కాయతొలుచు పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన బీటీ పత్తికి భారతదేశంలో 2002లో అనుమతి వచ్చింది. మొదట అనుమతి పొందిన మూడు మెక్ హైబ్రిడ్లు వరంగల్ వంటి చోట్ల వర్షాధారపు చేలల్లో నిరాశపరచగా, 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వాటి అమ్మకానికి అనుమతి పొడిగించలేదు. లోపం జన్యువుది కాదు, దాన్ని చేర్చిన హైబ్రిడ్లది. ఆ తర్వాత వచ్చిన వేరే హైబ్రిడ్లతో బీటీ పత్తి కొన్నేళ్లలోనే రాష్ట్రమంతా పరచుకుంది. 450 గ్రాముల ప్యాకెట్టు ధర అప్పట్లో 1,600 రూపాయలు దాటింది, అందులో ఎక్కువ భాగం జన్యువు యజమానికి చెందే రాయల్టీ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ ముందు ఫిర్యాదు చేసి, ప్యాకెట్టును 750 రూపాయలకు దించింది, 2007లో ధర నిర్ణయానికి ప్రత్యేక చట్టం చేసింది. ఒక రాష్ట్రం బహుళజాతి సంస్థ రాయల్టీని సవాలు చేసి ఫలితం సాధించిన ఈ ఉదంతం తర్వాతి జాతీయ విధానానికి దారి వేసింది. కేంద్రం 2015 డిసెంబరులో పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, బీటీ పత్తిలో రెండో తరమైన బీజీ-2 ప్యాకెట్టు ధరను 2016లో 800 రూపాయలుగా, 2019లో 730గా నిర్ణయించింది. గులాబీ రంగు పురుగు ఆ జన్యువును తట్టుకోవడం నేర్చాక 2020లో రాయల్టీని సున్నా చేసింది. 2025 నాటికి ధర 901 రూపాయలకు చేరింది.

ధర అదుపులో ఉండటం చిన్న రైతుకు మేలు చేసిందనడంలో సందేహం లేదు, కాని అది సమస్యను మరో చోటికి నెట్టింది. కలుపు కూలి భరించలేని రైతుకు కావలసింది గడ్డిమందును తట్టుకునే పత్తి. దానికి అనుమతి లేదు. 2017 నాటికి తెలుగు రాష్ట్రాల్లో అది పెద్దయెత్తున కనిపించింది. బీజీ-3 అన్న పేరుతో, లేబుల్ లేని ప్యాకెట్లలోనూ లూజుగానూ చేతులు మారే ఈ విత్తనానికి మొలక శాతం చెప్పేవాడు లేడు, చెడితే అడిగేవాడూ లేడు.

చట్టం చేయి ఎంతవరకు

జాతీయ విత్తన సంస్థ 1963లో, విత్తన చట్టం 1966లో వచ్చాయి. ఈ చట్టం కింద ధ్రువీకరణ ఐచ్ఛికం. లేబుల్ నిబంధనలు ప్రభుత్వం నోటిఫై చేసిన రకాలకే వర్తిస్తాయి. ప్రైవేటు కంపెనీల పరిశోధన హైబ్రిడ్లలో అధిక భాగం నోటిఫై కానివే. 1988 విత్తన విధానం విదేశీ విత్తనానికీ పెట్టుబడికీ తలుపులు తెరిచాక ఈ సందు మరింత పెద్దదైంది. దుకాణదారుకు లైసెన్సు తప్పనిసరి చేసిన 1983 నాటి నియంత్రణ ఉత్తర్వు దాన్ని కొంత పూడ్చింది. చట్టం కింద మొదటి నేరానికి గరిష్ఠ జరిమానా 500 రూపాయలు, అంటే నేటి ఒక పత్తి ప్యాకెట్టు ధర కూడా కాదు. దాని స్థానంలో 2004లో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు చట్టం కాలేదు. ఈ బలహీనత వల్లే తెలంగాణ 2017లో విత్తన నేరగాళ్లను ముందస్తు నిర్బంధ చట్టం పరిధిలోకి తెచ్చింది. అయితే నకిలీ, కల్తీ, నాసిరకం అనే మూడూ వేర్వేరు. ఒకరి బ్రాండు సంచిలో మరొకటి నింపడం పోలీసుకు చిక్కే నేరం. గోదాములో మొలకశక్తి తగ్గిన లాటును అమ్మేయడం ప్రయోగశాలకు గాని చిక్కదు, మండల వ్యవసాయాధికారి తీసిన నమూనా ఫలితం వచ్చేలోగా ఆ లాటు చేలల్లో మొలకెత్తుతూ ఉంటుంది.

పరిహారానికి గట్టి దారి విత్తన చట్టంలో లేదు, వినియోగదారుల చట్టంలో దొరికింది. ఆంధ్రప్రదేశ్ రైతులు గెలిచిన కేసుల మీద జాతీయ విత్తన సంస్థ చేసుకున్న అప్పీళ్లను 2012 జనవరిలో తోసిపుచ్చుతూ, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేననీ, పరీక్ష కోసం కొంత విత్తనం దాచి ఉంచాలని రైతును కోరడం అసమంజసమనీ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం మరో వైపు నుంచి రైతును కాపాడుతుంది. రక్షిత రకమైనా సరే, పండించిన విత్తనాన్ని దాచుకోవడానికీ, విత్తుకోవడానికీ, మార్చుకోవడానికీ, అమ్ముకోవడానికీ రైతుకు హక్కుంది. బ్రాండు పేరుతో అమ్మకూడదన్న ఒక్క పరిమితి ఉంది. 2019లో గుజరాత్ బంగాళాదుంప రైతుల మీద ఒక బహుళజాతి సంస్థ దావాలు వేసి, నిరసనలు పెరగడంతో మరుసటి నెలలోనే ఉపసంహరించుకున్నప్పుడు చర్చకు వచ్చినది ఈ నిబంధనే.

ఇంటి విత్తనం

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు వంటి పంటల స్థానిక రకాలను వేప ఆకు, బూడిద కలిపి బుట్టల్లో నింపి, పేడమట్టితో అలికి దాస్తాయి. సంఘం నుంచి తీసుకున్న విత్తనాన్ని పంట వచ్చాక కొంత అదనంగా కలిపి తిరిగి ఇవ్వాలి. పల్లెల్లో మోతుబరి రైతులు నాగుకు, అంటే గింజల రూపంలోనే వడ్డీ కలిపి తిరిగి కొలిచే ఏర్పాటు మీద, విత్తనాలు ఇచ్చే పాత పద్ధతికి ఇది పొడిగింపే. తేడా ఏమిటంటే ఆ అదనం ఒకరి గాదెలో చేరక తర్వాతి ఏటి రుణానికి నిల్వ అవుతుంది. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఇంటి విత్తనాన్ని కీర్తించే రచనలు దాని బలహీనతను తక్కువగా చెబుతాయి. కరువు వస్తే ఊళ్లో అందరి చేలూ ఒకేసారి ఎండుతాయి కాబట్టి పొరుగువాడి దగ్గరా విత్తనం మిగలదు. తిండికి లేని ఇంట్లో విత్తనపు బుట్టే ముందు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆదుకునేది స్థానిక సంత, లేదా ప్రభుత్వ పంపిణీ. సంఘటిత, అసంఘటిత పాయల మధ్య వంతెనగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1993లో నాణ్యతా ప్రకటిత విత్తనం అనే పద్ధతిని ప్రచురించింది. ఇందులో ప్రతి లాటుకూ అధికారి తనిఖీ ఉండదు; ఉత్పత్తిదారే నాణ్యతకు పూచీ పడగా, ప్రభుత్వం కొద్ది లాట్లను మాత్రం పరీక్షిస్తుంది. టాంజానియా వంటి దేశాలు దీన్ని గ్రామ రైతు సంఘాలకు వర్తింపజేశాయి. భారతదేశంలో ఆ పాత్ర విత్తన గ్రామ పథకానిది. ఎంపికైన రైతులకు మూల విత్తనాన్ని రాయితీ ధరకిచ్చి, కేళీల ఏరివేతలో, ఆరబోతలో, నిల్వలో శిక్షణ ఇస్తారు. పండిన విత్తనాన్ని వారు ఊళ్లోనే అమ్ముకుంటారు. వరి, సెనగ, పెసర, మినుము వంటి పంటల్లో ఇది చక్కగా నడుస్తుంది, ఎందుకంటే కొనేవాడు సంచి మీది లేబుల్‌ను చదవనక్కరలేదు, నిలబడి ఉన్న పైరును ముందే గట్టు మీద నుంచి చూసి ఉంటాడు. సంకర విత్తనపు పంటలకు మాత్రం ఈ పద్ధతి అన్వయించదు.